కంటి ప్రెషర్ ఎక్కువుంటే నరం లోపల ఏళ్ల తరబడి ఏం జరుగుతుంది? (నాన్న రిపోర్టులు)

#1 గోదారిగట్టు (కాకినాడ)

నమస్తే అండి. నాన్నకి 61 ఏళ్లు. దగ్గర చూపు అద్దాలు మార్పిద్దామని తీసుకెళ్తే, ప్రెషర్ ఎక్కువుందని, గ్లాకోమా (నీటికాసులు, కంటి నరం మెల్లగా పాడయ్యే జబ్బు) అనుమానంతో మిగతా పరీక్షలన్నీ చేశారు. రిపోర్టులో ఉన్నవి ఇవి:

ప్రెషర్: కుడి 27, ఎడమ 24
కప్ డిస్క్ రేషియో (నరం తలలో గుంట ఎంతుందో చెప్పే అంకె): కుడి 0.7, ఎడమ 0.5
కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం: రెండూ 530 మైక్రాన్ల దగ్గర
ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంతవరకు కనిపిస్తుందో చూసేది): రెండు కళ్లూ నార్మల్
ఓసీటీ (కంటి వెనక నాడీ పొర మందం కొలిచే స్కాన్): కుడి కంట్లో కింది భాగం ఎరుపు, మిగతాదంతా పచ్చ

చూపు 6/6. రాత్రి పడుకునేముందు ఒక చుక్క, జీవితాంతం వేసుకోవాలన్నారు. నాన్నేమో "పేపర్ చదువుతున్నా, బండి నడుపుతున్నా, నాకేం రోగం?" అంటున్నారు. ఆయనకి సర్దిచెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి కదా. ప్రెషర్ కంట్లో ఉంటే పాడయ్యేది వెనకున్న నరం ఎందుకు? ఫీల్డ్ నార్మల్ అయినప్పుడు ఓసీటీలో ఆ ఎరుపేంటి? పాడవడానికి ఎన్నేళ్లు పడుతుంది?

#2 మందుచుక్క

మా అమ్మదీ ఇదే కథ. ఫాలో అవుతున్నాను. ఒక్కటి మాత్రం చెప్తా, చుక్కలు మానేస్తే ఆ రోజు ఏమీ తెలియదు, అదే దీంతో వచ్చిన చిక్కు.

#3 ఆప్టోమ్_హైదరాబాద్

గోదారిగట్టు గారూ, మొదటి ప్రశ్న అసలైన ప్రశ్న. కాస్త పొడుగ్గా రాస్తాను.

కంటి ముందు భాగంలో సిలియరీ బాడీ అనే కణజాలం నిమిషానికి రెండు మైక్రోలీటర్ల పైచిలుకు ద్రవాన్ని తయారుచేస్తూ ఉంటుంది. కన్నీళ్లకీ దీనికీ సంబంధం లేదు. కార్నియా, ఐరిస్ కలిసే మూలలో (యాంగిల్ అంటే ఇదే) ట్రబెక్యులర్ మెష్‌వర్క్ ఉంటుంది, దాని గుండా ఆ ద్రవం బయటికి పోయి రక్తంలో కలుస్తుంది. ఓపెన్ యాంగిల్ గ్లాకోమాలో (మీ నాన్నగారిది ఈ రకమో కాదో ఆ మూలని చూసే పరీక్ష, గోనియోస్కోపీ ఫలితంలో ఉంటుంది, చూడండి) తయారీ మామూలుగానే ఉంటుంది, బయటికి పోవడమే కష్టమవుతుంది. దాంతో లోపల ప్రెషర్ పెరుగుతుంది. 10 నుంచి 21 మధ్య ఉంటే మామూలు అంటారు.

ఇప్పుడు నరం సంగతి. ఆ ఒత్తిడి కంటి గోడ మొత్తం మీదా పడుతుంది, కానీ గోడ అంతటా ఒకే బలం ఉండదు. తెల్లగుడ్డు గట్టిది. నరం బయటికి వెళ్లే చోట మాత్రం ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పున్న రంధ్రం ఉంది. దానికి అడ్డంగా కొలాజెన్ పొరలతో అల్లిన జల్లెడ లాంటి నిర్మాణం, లామినా క్రిబ్రోసా. రెటీనాలో పుట్టిన నాడీ పోగులు, సుమారు పది పన్నెండు లక్షలు, కట్టలు కట్టలుగా ఆ కన్నాల్లోంచి దూరి మెదడు వైపు వెళ్తాయి. కంటి గోడలో బలహీనమైన చోటు అదే. ఒత్తిడి పెరిగితే లామినా వెనక్కి వంగుతుంది, కన్నాలు సాగి, ఒరుసుకుని, లోపలి పోగుల్ని నొక్కుతాయి.

నొక్కినంత మాత్రాన పోగు తెగిపోదు. ప్రతి పోగు లోపలా రెండు వైపులా రవాణా జరుగుతుంటుంది. కణం నుంచి మెదడు వైపు ప్రొటీన్లు, మైటోకాండ్రియా వెళ్తాయి. మెదడు వైపు నుంచి కణానికి, అది బతకడానికి కావలసిన పోషక సంకేతాలు వస్తాయి. ప్రెషర్ పెంచితే ఈ రవాణా సరిగ్గా లామినా దగ్గరే ఆగిపోతుందని 1974లోనే కోతుల మీద ప్రయోగాల్లో చూశారు. ఆగడం కొద్దిసేపే అయితే మళ్లీ మొదలవుతుంది. నెలలు, ఏళ్లు సాగితే రెటీనాలోని ఆ కణం తనంతట తాను చనిపోతుంది. ఆ పోగు పోతుంది, మళ్లీ పుట్టదు.

పోగులు పోయిన కొద్దీ డిస్క్ (కంటి లోపల కనిపించే నరం తల) అంచు పలచబడుతుంది, మధ్యలో గుంట పెద్దదవుతుంది. ఆ గుంటే కప్. 0.7 అంటే డిస్క్ నిలువు కొలతలో పదింట ఏడు వంతులు గుంటే అని. అయితే డిస్క్ పుట్టుకతోనే పెద్దదైతే కప్ కూడా పెద్దగా ఉండొచ్చు, అదేమీ జబ్బు కాదు. మీ నాన్నగారి విషయంలో నన్ను ఆపింది 0.7 కాదు, రెండు కళ్ల మధ్య 0.2 తేడా. పైగా ఎక్కువ ప్రెషర్, పెద్ద కప్, ఓసీటీలో ఎరుపు, మూడూ ఒకే కంట్లో ఉన్నాయి.

#4 బెజవాడ_బుల్లెట్

అన్నా, ఇదంతా ప్రెషర్ వల్లే అంటే నా సంగతేంటి? నాకు ఎప్పుడు చూసినా 16, 17, మహా అయితే 18. అయినా గ్లాకోమా అని చుక్కలు రాశారు. అమ్మకానికి రాశారేమో అని నాకు డౌటు. ప్రెషర్ లేకుండా ప్రెషర్ జబ్బు ఏంటి?

#5 నేత్రవైద్యం_విశాఖ

బుల్లెట్ గారూ, గ్లాకోమా అంటే ప్రెషర్ జబ్బు అనుకోవడం దగ్గరే తిరకాసు ఉంది. గ్లాకోమా నరం జబ్బు. ప్రెషర్ దానికి అన్నింటికన్నా పెద్ద కారణం, మనం మార్చగలిగిన కారణం.

మన దగ్గరి లెక్కే చూడండి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10,293 మందిని పరీక్షించారు. హైదరాబాద్‌లో 40 దాటినవాళ్లలో రెండున్నర శాతం మందికి ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉంది. అప్పటిదాకా తెలియకుండా ఆ సర్వేలోనే బయటపడినవాళ్లలో ప్రెషర్ 22 లేదా ఆ పైన ఉన్నది మూడో వంతు మందికే. ప్రెషర్ ఒక్కటే చూసి పంపించేసి ఉంటే మిగతావాళ్లు దొరికేవాళ్లే కాదు. ఆ సర్వేలో గ్లాకోమా ఉన్నవాళ్లలో సగం మందికి నరం అప్పటికే బాగా దెబ్బతిని ఉంది.

18 దగ్గర కూడా నరం ఎందుకు పోతుందంటే కారణాలు చాలా. లామినాకి ముందు వైపు కంటి ఒత్తిడి, వెనక వైపు మెదడు చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడి. ఈ రెంటి మధ్య తేడాయే లామినాని వంచుతుంది. వెనక ఒత్తిడి తక్కువగా ఉన్నవాళ్లకి ముందు 17 ఉన్నా తేడా ఎక్కువే. కొందరిలో నరానికి రక్తం అందడం బలహీనం, రాత్రిపూట బీపీ బాగా పడిపోతే అది ఇంకా తగ్గుతుంది. మీరు బీపీ మాత్ర రాత్రి వేసుకుంటుంటే మీ ఫిజీషియన్‌కి గ్లాకోమా ఉందని చెప్పండి, మీ అంతట మీరు టైమ్ మార్చకండి.

మీ కార్నియా మందం ఎంతో కూడా అడగండి. ప్రెషర్ కొలిచే గోల్డ్‌మన్ పరికరం 520 మైక్రాన్ల కార్నియాని లెక్కలో పెట్టుకుని తయారైంది. కార్నియా పలచగా ఉంటే మీటర్ మీద కనపడేది అసలు కన్నా తక్కువ. లేసిక్ (అద్దాలు మానడానికి చేసే, కార్నియాని పలచన చేసే లేజర్) చేయించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చెప్పాలి.

ఇక అమ్మకం డౌటు. నార్మల్ టెన్షన్ గ్లాకోమా (మీలా ప్రెషర్ మామూలుగానే ఉండే రకం) మీద 1998లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఉన్న ప్రెషర్‌ని 30 శాతం తగ్గించినవాళ్లలో జబ్బు ముదరడం తగ్గింది. 17 నుంచి 12కి దించడానికే మీకు చుక్కలు.

#6 బెజవాడ_బుల్లెట్

లేసిక్ చేయించుకున్నా సార్, 2009లో. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ వారమే కలుస్తా.

#7 బోస్టన్_నుంచి

నేను డాక్టర్ని కాదు, బయోమెకానిక్స్ వాడిని. లామినా మీద పనిచేసే ల్యాబ్ పక్కన కొన్నాళ్లు ఉన్నాను, అందుకే ఈ చర్చలో తలదూరుస్తున్నా.

ఓసీటీలో ఎరుపు కింది భాగంలోనే ఎందుకు వచ్చింది అన్నదానికి మంచి కారణం ఉంది. లామినా అంతటా ఒకేలా లేదు. పైనా కిందా కన్నాలు పెద్దవి, వాటి మధ్య ఆధారంగా ఉండే కొలాజెన్ పలచన. 1981లో జాన్స్ హాప్కిన్స్‌లో క్విగ్లీ బృందం దీన్ని మైక్రోస్కోపులో చూపించింది. ఆధారం తక్కువున్న చోట వంపు ఎక్కువ, అక్కడి పోగులు ముందు పోతాయి. అందుకే డిస్క్ కింది అంచు, పై అంచు ముందుగా కరిగిపోతాయి. చదవడానికి వాడే మధ్య చూపు పోగులు ఎక్కువ భాగం పక్క వైపు నుంచి వస్తాయి, అవి చాలా కాలం నిలబడతాయి. నాన్నగారు 6/6 చదవగలగడానికి కారణం అదే. 6/6 అంటే మధ్య చూపు బాగుందని అర్థం, నరం బాగుందని కాదు.

కింది పోగులు పోతే లోటు కనిపించేది చూపు పై భాగంలో. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి.

ఇంకో విషయం, లామినా ఊరికే వంగి కూర్చోదు. ఒత్తిడికి స్పందిస్తూ తన్ను తాను మార్చుకుంటుంది. జంతువుల్లో జబ్బు మొదటి దశలో అది వెనక్కి వంగుతూనే కాస్త మందం కూడా పెరుగుతుంది. అక్కడి ఆస్ట్రోసైట్లు, ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే కణాలు కొత్త కొలాజెన్ పేరుస్తాయి. ఏళ్లు గడిచాక పరిస్థితి మారుతుంది. పొరలు అణిగిపోయి పలచబడతాయి, లామినా అంచు తెల్లగుడ్డుని పట్టుకున్న చోటు నుంచే వెనక్కి జరుగుతుంది. వయసుతో బిగుసుకున్న లామినా ఒకలా, కుర్రతనంలో మెత్తగా ఉన్నది ఇంకోలా వంగుతుంది. ప్రెషర్ 25 దగ్గర ఒకరి నరం దశాబ్దాలు ఏమీ కాకుండా ఉండి, ఇంకొకరిది 19 దగ్గరే పాడవడం వెనక ఈ తేడా కూడా ఉంది.

#8 గోదారిగట్టు (కాకినాడ)

అందరికీ థాంక్స్ అండి. నాన్నకి #7 చదివి వినిపించా. "పక్క పోగులు, కింద పోగులు, ఇదేం పురాణం" అన్నారు కానీ మొత్తం విన్నారు.

ఫీల్డ్ నార్మల్ ఎందుకు వచ్చిందో, కాలం సంగతేంటో ఎవరైనా చెప్తారా?

#9 నేత్రవైద్యం_విశాఖ

ఫీల్డ్ మెషీన్ వెలుగు చుక్క చూపిస్తుంది, మీరు బటన్ నొక్కుతారు. ఒకే చోటిని చూసే కణాలు చాలా ఉంటాయి. వాటిలో కొన్ని పోయినా మిగతావి ఆ చుక్కని పట్టేస్తాయి. చనిపోయిన తర్వాత దానం చేసిన కళ్లలో కణాలు లెక్కపెట్టి, బతికుండగా తీసిన ఫీల్డ్‌తో పోల్చిన అధ్యయనాలున్నాయి. ఆటోమేటెడ్ ఫీల్డ్‌లో లోటు తేలేసరికి 25 నుంచి 35 శాతం గాంగ్లియన్ కణాలు (ఈ నాడీ పోగులు పుట్టే రెటీనా కణాలు) పోయి ఉంటాయని వాటిలో తేలింది. అంటే నిర్మాణం ముందు, చూపు తర్వాత. అందరిలో ఇదే వరస ఉండదు, కొందరిలో ఫీల్డ్ మార్పే ముందు దొరుకుతుంది. అందుకే రెండు పరీక్షలూ రాస్తాం.

జబ్బు ముదిరాక ఈ వరస తిరగబడుతుంది. ఓసీటీలో నాడీ పొర మందం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సగటున 90, 100 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. గ్లాకోమాలో అది 50 దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. పోగులన్నీ పోయినా రక్తనాళాలు, గ్లియా అనే ఆధార కణజాలం మిగులుతాయి, మెషీన్ వాటినే కొలుస్తుంది. ఆ దశలో ఓసీటీ "మార్పు లేదు" అంటూనే ఉంటుంది, ఫీల్డ్ మాత్రం పడిపోతుంది. ముదిరిన కేసుల్లో ఓసీటీ కాగితం చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

కాలం గురించి. ప్రెషర్ ఎక్కువున్నా నరం ఇంకా బాగున్నవాళ్ల మీద అమెరికాలో 1,636 మందితో ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2002లో ఫలితాలొచ్చాయి. ప్రెషర్ 24 నుంచి 32. అయిదేళ్లలో మందు లేనివాళ్లలో 9.5 శాతం మందికి, మందు వేసినవాళ్లలో 4.4 శాతం మందికి గ్లాకోమా వచ్చింది. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. మందు ప్రమాదాన్ని సగానికి తగ్గించింది. మందు లేకపోయినా పదిమందిలో తొమ్మిదిమందికి అయిదేళ్లలో ఏమీ కాలేదు. నేను రెండోదీ పేషెంట్లకి చెప్తాను, దాచను. కానీ నాన్నగారు ఆ తొమ్మిదిమందిలో కూర్చోరు. ఆయన కుడి నరంలో మార్పు ఇప్పటికే ఉంది, కార్నియా కూడా 555 లోపే, ఆ అధ్యయనంలో అది ప్రమాదం పెంచిన అంశం.

జబ్బు మొదలయ్యాక వేగం మనిషిని బట్టి విపరీతంగా మారుతుంది. స్వీడన్‌లో మందు వెయ్యకుండా గమనించినవాళ్లలో, ప్రెషర్ ఎక్కువున్న రకంలో ఫీల్డ్ సగటున ఏడాదికి 1.3 డెసిబెల్స్ (ఫీల్డ్‌లో చూపు సున్నితత్వాన్ని కొలిచే యూనిట్) పడింది. నార్మల్ టెన్షన్ రకంలో 0.36. సూడోఎక్స్‌ఫోలియేషన్ (కంటి లోపల పొట్టులాంటి పదార్థం పేరుకోవడం) ఉన్నవాళ్లలో 3 పైనే. సగటు అంటే ఎవరి సగటూ కాదు, చాలామందిది నెమ్మది, కొద్దిమందిది పరుగు. ఎవరు ఏ రకమో మొదటిరోజు రిపోర్టులో తెలియదు. మొదటి రెండేళ్లలో ఫీల్డ్‌లు ఎక్కువసార్లు తీయించమనేది వేగం పట్టుకోవడానికే. ప్రెషర్ ఒక్క పాయింట్ తగ్గినా ముదిరే ప్రమాదం సుమారు పది శాతం తగ్గుతుందని అదే స్వీడన్ అధ్యయనం చెప్పింది.

#10 పల్లెవైద్యం

ఇంత భయపెట్టక్కర్లేదు. ఉల్లిరసం, తేనె సమానంగా కలిపి రోజూ కంట్లో ఒక చుక్క. మా తాతగారి కాలం నుంచీ ఉన్న మందు. ఇంగ్లీషు చుక్కలు ఒకసారి మొదలుపెడితే మానలేరు.

#11 ఆప్టోమ్_హైదరాబాద్

కంట్లో ఉల్లిరసం వెయ్యొద్దు. కార్నియా మీద పుండు పడి ఇన్ఫెక్షన్‌తో వచ్చినవాళ్లని నేను చూశాను, నరం సంగతి తర్వాత, ముందు కార్నియా పోతుంది. అలాగే ఎరుపు, దురద అంటే మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వాడకండి. కొందరిలో వాటితోనే ప్రెషర్ పెరుగుతుంది, పిల్లల్లో ఇంకా ఎక్కువ.

#12 వేదిక నిర్వాహకులు

#10 మీద ఫిర్యాదులు వచ్చాయి. తీసేయడం లేదు, కింద జవాబు ఉంది కాబట్టి. ఇంటి చిట్కాలకి వేరే విభాగం ఉంది, అక్కడ కూడా కంట్లో వేసేవి రాయొద్దు.

#13 కరీంనగర్_టీచర్

నాదొక డౌట్. నాకు రెండేళ్ల కింద కుడి కంటికి ట్రాబెక్యులెక్టమీ (ద్రవం బయటికి పోయేందుకు కొత్త దారి చేసే ఆపరేషన్) అయింది. ప్రెషర్ 32 నుంచి 11కి వచ్చింది. మొన్న చూసి కప్ 0.8 ఉండేది 0.7 అయింది అన్నరు. అంటే నరం మళ్ల పెరుగుతున్నట్టేనా? నేను సంబురపడ్డ, మా డాక్టర్ మాత్రం పెద్దగా నవ్వలేదు.

#14 నేత్రవైద్యం_విశాఖ

టీచర్ గారూ, ప్రెషర్ 11 అయినందుకు సంతోషపడండి. కప్ తగ్గడానికి కారణం వేరు. ముందు వైపు ఒత్తిడి పోగానే వెనక్కి వంగి ఉన్న లామినా కొంత ముందుకి వస్తుంది, దాని పైనున్న కణజాలం కాస్త ఉబ్బుతుంది. చూసేవాళ్లకి గుంట తక్కువైనట్టు ఉంటుంది. పోయిన పోగులు పోయినట్టే, కొత్తవి రాలేదు. పుట్టుకతో గ్లాకోమా ఉన్న పసిపిల్లల్లో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది, వాళ్ల లామినా బాగా సాగేది కాబట్టి ఆపరేషన్ అయ్యాక కప్ ఎంతో చిన్నదవుతుంది.

మీ డాక్టర్‌ని అడగాల్సింది కప్ అంకె కాదు, ఆపరేషన్ తర్వాతి ఫీల్డ్‌లు ఒకదానితో ఒకటి పోలిస్తే నిలకడగా ఉన్నాయా అని.

#15 బోస్టన్_నుంచి

దీనికి తోడు, కప్ రేషియో కంటితో అంచనా వేసే అంకె. ఇద్దరు మంచి డాక్టర్లు ఒకే కన్ను చూసి 0.6, 0.7 అనడం మామూలే. పోలిక కావాలంటే ఫొటోతో, లేదా ఒకే కంపెనీ ఓసీటీ మెషీన్ మీద తీసిన స్కాన్‌లతో చూడాలి. ఊరు మారినప్పుడు పాత స్కాన్ ప్రింట్ కాకుండా అసలు ఫైల్ తీసుకోండి.

#16 మైనస్_తొమ్మిది

నాకు మైనస్ 9 పవర్. ఓసీటీ నిండా ఎరుపే. ఒక చోట గ్లాకోమా అన్నారు, ఇంకో చోట కాదన్నారు. టెన్షన్‌తో నిద్ర లేదు.

#17 ఆప్టోమ్_హైదరాబాద్

ఓసీటీ రంగులు మెషీన్‌లో ఉన్న ఆరోగ్యవంతుల డేటాతో పోల్చి వేసేవి. ఆ డేటాలో అంత ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లు చాలా తక్కువ, కొన్నింటిలో ఉండనే ఉండరు. మైనస్ ఎక్కువున్న కన్ను పొడుగ్గా ఉంటుంది, అలాంటి కంట్లో డిస్క్ వాలి ఉంటుంది, నాడీ పొర మందంగా ఉండే చోట్లు పక్కకి జరుగుతాయి. మెషీన్ వాటిని మామూలు చోట వెతికి, దొరక్క, ఎరుపు వేస్తుంది. అలాగని మైనస్ ఎక్కువున్నవాళ్లకి గ్లాకోమా రాదని కాదు, వాళ్లకి ప్రమాదం ఎక్కువే. ఈ రోజు స్కాన్‌ని పునాదిగా పెట్టుకుని, అది మారుతోందా లేదా అని చూడటమే దారి. డిస్క్ అంచు మీద సన్నటి రక్తపు గీత కనిపించిందేమో కూడా అడగండి. అది ఉంటే జబ్బు కదులుతోందని మేం అనుమానిస్తాం.

#18 మందుచుక్క

మా పెద్దమ్మకి ఒక్క రాత్రిలో జరిగింది. తలనొప్పి, వాంతులు, కన్ను ఎర్రగా, దీపం చుట్టూ రంగులు. గ్యాస్ అనుకుని మాత్రలిచ్చి పొద్దున్నదాకా ఉంచారు. ప్రెషర్ 58 అట. అదీ ఇదీ ఒకటేనా?

#19 నేత్రవైద్యం_విశాఖ

కాదు, అది యాంగిల్ హఠాత్తుగా మూసుకుపోవడం. అక్కడ నరం తీరే వేరు. అంత ఒత్తిడిలో మొదట నరం వాస్తుంది, ఓసీటీలో నాడీ పొర మందంగా కనిపించి మోసం చేస్తుంది. కొన్ని వారాల్లో వాపు దిగి పలచబడుతుంది. కప్ పెద్దగా లోతు కాకుండానే డిస్క్ పాలిపోతుంది. ఏళ్ల మీద జరిగే నష్టంలో గుంట పడుతుంది, గంటల మీద జరిగే నష్టంలో పాలిపోవడం ఎక్కువ. ఆవిడ రెండో కన్ను కూడా అలా మూసుకుపోకుండా దానికి లేజర్ చేశారా? చెయ్యకపోతే ఆలస్యం చెయ్యొద్దు.

#20 మందుచుక్క

చేశారండి, వారంలోనే.

#21 గోదారిగట్టు (కాకినాడ)

నాన్న చుక్క వేయించుకుంటున్నారు, కానీ "లేజర్ ఉందటగా, చుక్కలెందుకు" అని కొత్త పాట. గోనియోస్కోపీలో ఓపెన్ అనే ఉంది. ఇంకా, ఆయన రోజూ శీర్షాసనం వేస్తారు. వెయ్యొచ్చా?

#22 ఆప్టోమ్_హైదరాబాద్

లేజర్ అడగడం తప్పేమీ కాదు. ఎస్ఎల్‌టీ అంటారు, ద్రవం బయటికి పోయే ఆ మెష్‌వర్క్ మీద చేసే లేజర్. బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. మొదటే లేజర్ చేయించుకున్నవాళ్లలో మూడేళ్లకి 74 శాతం మందికి చుక్కలు అవసరం పడలేదు. మిగతావాళ్లకి పడ్డాయి, కొందరికి రెండోసారి చేశారు. ఆయనకి సరిపోతుందో లేదో చూసిన డాక్టరే చెప్పాలి.

చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచమనండి. మందు గొంతులోకి జారదు. ఆయనకి ఆస్తమా ఉంటే టిమొలాల్ ఉన్న చుక్కలు రాయకుండా ముందే చెప్పండి.

మీకు కూడా ఒక మాట. రోటర్‌డామ్ అధ్యయనంలో గ్లాకోమా ఉన్నవాళ్ల తోబుట్టువులకి, పిల్లలకి జీవితకాలంలో అది వచ్చే అవకాశం 22 శాతం, మిగతావాళ్లకి 2.3 శాతం. నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మీరు, అందరూ డిస్క్ చూపించుకోండి, ప్రెషర్ ఒక్కటే కాదు.

శీర్షాసనం విషయంలో చెన్నైలో యోగా సాధకుల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తలకిందులుగా ఉన్నంతసేపూ ప్రెషర్ రెట్టింపైంది, దిగాక తగ్గింది. వాళ్లలో ప్రెషర్ జబ్బు ఎక్కువగా ఏమీ కనిపించలేదు, కానీ నరం ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు. 27 ఉన్న కన్ను ఆ కాసేపట్లో 50 దాటుతుంది. శీర్షాసనం, సర్వాంగాసనం మానేయమనండి. నడక, ప్రాణాయామం చేసుకోవచ్చు. శవాసనానికి మా తరఫున ఏ అభ్యంతరమూ లేదు.